పాప కంచం, అమ్మ నోట్‌బుక్: పట్టు సడలించుకున్న ఒక తల్లి కేసు

ఈ కేసు రాస్తానంటే ఆ తల్లి ఒప్పుకుంది. రాశాక తనకే ముందు చదివి వినిపించాను. ఆమెని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, పేరు అసలు వాడలేదు. నేను గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుని. చిన్నపిల్లల తల్లుల్లో టెన్షన్ కేసులు చాలానే వస్తాయి, కానీ దీన్ని విడిగా రాయాలనిపించింది. ఎందుకంటే ఇందులో భక్తి మొదట్లో ఆమె జబ్బుకి తోడుగా ఉండి, తర్వాత వైద్యానికి తోడైంది. దేవుడు అదే, ప్రార్థన అదే, బైబిలూ అదే. మరి ఏం మారిందో కౌన్సెలింగ్ చేసేవాళ్ళకీ, ఇలాంటి తల్లి ఇంట్లో ఉన్నవాళ్ళకీ తెలిస్తే మంచిది.

వచ్చినప్పటి పరిస్థితి

ముప్పై ఒక్కేళ్ళ అమ్మాయి. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది, కాన్పు తర్వాత మానేసింది. భర్తది సేల్స్ ఉద్యోగం, వారంలో సగం రోజులు ఊళ్ళు తిరగడమే. అత్తయ్య కూడా వాళ్ళతోనే ఉంటారు. ఒక్కతే పాప, అప్పుడే మూడేళ్ళు నిండాయి. పిల్లల డాక్టరు పంపారు, పాప కోసం కాదు, తల్లి కోసం. పాపకి ఏమీ లేదని, అయినా మాటిమాటికీ తీసుకొస్తోందని, ఈమెని ఒకసారి చూడమని చీటీ మీద రాశారు.

పాప బరువు 12.6 కిలోలు. డబ్ల్యూహెచ్‌ఓ పట్టిక ప్రకారం మూడేళ్ళ ఆడపిల్లలకి మధ్యస్థంగా 13.9 కిలోలు, 10.8 కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. పాప మామూలుగానే ఉంది. ఈ అంకెలు నేను చెప్పబోతే ఆమే అందుకుని గడగడా చెప్పేసింది, ఆ పట్టిక ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకుంది మరి.

బ్యాగులోంచి నోట్‌బుక్ తీసింది. స్కూలు పిల్లల లాంగ్ నోట్‌బుక్, స్కేలు పెట్టి గీసిన గళ్ళు. టైము, ఏం పెట్టింది, ఎన్ని ముద్దలు తింది, ఎన్ని మింగింది, ఎన్ని ఉమ్మేసింది. "ఉ. 8.40, ఇడ్లీ ఒకటింబావు, పాలు 90 ఎం.ఎల్., చివరి ముక్క బుగ్గలో పెట్టుకుంది." తక్కువ తిన్న రోజులకి ఎర్ర పెన్నుతో గీత. అలాంటివి అప్పటికే బీరువాలో కొన్ని నిండిపోయి ఉన్నాయట. వారానికోసారి ఎలక్ట్రానిక్ కాటా మీద పాపని నిలబెట్టేది. ఒక్కో పూట తినిపించడానికి గంటన్నర పట్టేది, ఫోన్‌లో బొమ్మలు ఆడుతుండాలి, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద పెట్టాలి. స్నానం ఇంకొకరు చేయించకూడదు. భర్త డైపర్ మారిస్తే విప్పేసి మళ్ళీ వేసేది, అత్తయ్య జడ వేస్తే ఊడదీసి మళ్ళీ వేసేది. రాత్రి లేచి లేచి పాప ఊపిరి చూసేది. ఆమె నిద్ర మూడు నాలుగు గంటలకి మించేది కాదు.

డాక్టరు రాసిన చీటీ ఆమె దగ్గర చాలా రోజులే ఉంది. కదిలించింది వేరే సంగతి. ఒక మధ్యాహ్నం పాప నోట్లో అన్నం ఊసేసి నవ్వింది, ఈమె చెంప మీద కొట్టింది. ముద్ర పడిందట. మర్నాడే నా దగ్గరికి వచ్చేసింది. అది చెబుతున్నప్పుడు ఏడవలేదు, నోట్‌బుక్ అంచు గోటితో గీకుతూ కూర్చుంది.

వెనక ఉన్నది

పాపకి ముందు రెండు గర్భాలు మూడో నెల దాటకుండానే పోయాయి. పరీక్షలు చేయించారు, ఏ కారణమూ దొరకలేదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండంలో క్రోమోజోముల తేడా వల్లే పోతాయి, తల్లి ఏం తింది, ఏం చేసింది అన్న దానికీ ఆ తేడాకీ సంబంధం ఉండదు. ఆ మాట ఆమెకి అప్పట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. బంధువుల్లో ఒక పెద్దావిడ మాత్రం పరామర్శకి వచ్చి, "దేవుడి దగ్గర ఏదో లోపం చేసుంటావు, ఉపవాసం ఉండి ఒప్పుకో" అని వెళ్ళింది. ఆమె ఉపవాసం ఉంది. మూడోసారి నిలబడింది. ఇక అక్కడినుంచి లెక్క ఖాయమైపోయింది: నేను సరిగ్గా ఉంటే బిడ్డ ఉంటుంది, ఎక్కడ తప్పినా బిడ్డ పోతుంది.

పరామర్శకి వెళ్ళి ఇలాంటి మాటలు అనేవాళ్ళ మీద నాకు చాలా కోపం. అన్నవాళ్ళు ఇంటికి చేరేలోపే మర్చిపోతారు, విన్నది మాత్రం ఏళ్ళ తరబడి మోస్తుంది.

పరీక్షించినప్పుడు జీఏడీ-7 అనే ఆందోళన స్కేలు మీద 21కి 17 వచ్చింది, 15 గానీ ఆ పైన గానీ వస్తే తీవ్రం. డిప్రెషన్ స్కేలు పీహెచ్‌క్యూ-9లో 27కి 9. చనిపోవాలన్న ఆలోచనల గురించీ, పాపకి హాని చేస్తానేమోనన్న భయాల గురించీ సూటిగా అడిగాను, తల్లులని ఇవి తప్పకుండా అడగాలి, అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందనేది అపోహ. అలాంటివేమీ లేవు. థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించాం. థైరాయిడ్ మామూలే, హిమోగ్లోబిన్ 9.6. పాప ప్రతి ముద్దా లెక్కపెట్టే తల్లి తను మిగిలింది తిని కడుపు నింపుకునేది. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి.

ప్రార్థన గురించి మొదట్లో నేనేమీ అడగలేదు, తనే ఎత్తింది. "మేడమ్, నేను ప్రార్థన చేస్తూనే ఉంటాను, అయినా శాంతి రావట్లేదు, నా విశ్వాసంలోనే లోపమేమో." ఎలా చేస్తారో చెప్పమన్నాను. ప్రతి పూటా తినిపించే ముందు కొన్ని మాటలు, అవే మాటలు, అదే వరసలో. మధ్యలో కుక్కర్ కూత పెట్టి ధ్యాస తప్పితే మళ్ళీ మొదటినుంచి. రాత్రి పాప గుండె మీద చెయ్యి వేసి మూడుసార్లు, ఒకసారి తగ్గినా నిద్ర పట్టదు. ఒక బుధవారం ఉపవాస ప్రార్థనకి వెళ్ళలేకపోయింది, ఆ వారమే పాపకి విరేచనాలు పట్టుకున్నాయి, నోట్‌బుక్‌లో అదీ రాసి ఉంది, రెండింటినీ కలుపుతూ బాణం గీత.

నాకు కేసు అక్కడ అర్థమైంది. కాటా మీద బరువు చూడడం, రాత్రి ఊపిరి చూడడం, గుండె మీద చెయ్యి వేసి మూడుసార్లు ప్రార్థించడం, ఈ మూడూ చేసే పని ఒకటే. కాసేపు గుండె కుదుటపడుతుంది, గంట తిరిగేసరికి అనుమానం మళ్ళీ లేస్తుంది, ఇంకోసారి చూసుకోవాలనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసుకుంటే "చూసుకోకపోతే ఏదో అవుతుంది" అన్న నమ్మకం అంత గట్టిపడుతుంది. ఓసీడీలో, అంటే వద్దన్నా వచ్చే అనుమానాలు, వాటిని అణచడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బులో, కనిపించే చక్రం ఇదే. ఈమెలో ఓసీడీ లక్షణాలు కొన్ని ఉన్నాయి, ముఖ్యంగా ప్రార్థన విషయంలో, కానీ బతుకంతా పరుచుకున్నది ఆందోళన. ఆమె దేవుడితో మాట్లాడుతున్నాననుకుంటోంది కానీ ఆ ప్రార్థనలో దేవుడికి చెయ్యడానికంటూ పని మిగల్చలేదు, అంతా ఆమె సరిగ్గా పలకడం మీదే ఆధారపడి ఉంది.

మతం మానసిక ఇబ్బందులని ఎలా ఎదుర్కోనిస్తుందో అధ్యయనం చేసిన అమెరికన్ సైకాలజిస్టు కెన్నెత్ పార్గమెంట్, ఆయన సహచరులు 1988లో మూడు పద్ధతులు చెప్పారు. అంతా నేనే చూసుకోవాలి అనుకోవడం ఒకటి. అంతా దేవుడే చూసుకుంటాడు అని చేతులు కట్టుకోవడం ఒకటి. ఆయనా నేనూ కలిసి చేస్తున్నాం అనుకోవడం మూడోది. చాలామంది భక్తి అనగానే రెండోదే అనుకుంటారు. ఇంట్లోవాళ్ళు ఈమెకి రోజూ చెప్పేదీ అదే, "దేవుడికి వదిలెయ్యమ్మా, ఎందుకంత అతి". వదిలెయ్ అన్న మనిషి లేచి ఆ కంచం పట్టుకోడు, కాబట్టి ఆ మాట ఆమెకి ఇంకో నిందలాగే వినపడేది. నేను ఆమెని మూడోదాని వైపు తీసుకెళ్ళాలనుకున్నాను.

చేసిన పని

ముందు మందు సంగతి. నేను మందులు రాయను, సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను, ఆయన ఒక ఎస్ఎస్‌ఆర్‌ఐ మాత్ర (ఆందోళనకీ డిప్రెషన్‌కీ వాడే రకం) తక్కువ డోసులో రాశారు. ఆమె కొని తెచ్చుకుని డబ్బాలోనే ఉంచేసింది. మాత్ర వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే కదా అని. నేను ఆమె మతం కాదు, కాబట్టి వాక్యానికి అర్థం చెప్పడం నా పని కాదు, చెప్పినా చెల్లదు. ఆమె నమ్మే పెద్ద ఎవరైనా ఉన్నారా అని అడిగితే వాళ్ళ సంఘం పాస్టరుగారి భార్య పేరు చెప్పింది, అందరూ అమ్మగారు అంటారు. ఈ తల్లి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే అమ్మగారితో మాట్లాడాను, ఏ సంగతులు చెప్పొచ్చో ఏవి చెప్పకూడదో ముందే అనుకున్నాం. ఆ అమ్మగారు మంచి తెలివైన మనిషి. మాత్ర విషయం వినగానే, బైబిల్లో పౌలు తను రాసిన ఉత్తరంలో తన తోటివాడైన లూకాని ప్రియమైన వైద్యుడు అన్నాడు, వైద్యుణ్ణి వదిలేసి రమ్మనలేదు కదమ్మా అన్నారట. ఆ రాత్రే మాత్ర మొదలైంది.

పోయిన గర్భాల సంగతి కూడా అమ్మగారే ఎత్తుకున్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడూ కాదు వీడి కన్నవాళ్ళూ కాదు అని యేసు చెప్పిన ఘట్టం, యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం, ఇద్దరూ కలిసి చదువుకున్నారు. క్రోమోజోముల గురించి నేను అంతకుముందే బొమ్మలు గీసి మరీ చెప్పాను, తలూపింది. అమ్మగారు చెప్పాక వచ్చి నా ముందు మొదటిసారి ఏడ్చింది. నేను చెప్పింది తప్పని కాదు, కానీ ఆమెని శిక్షించింది దేవుడని కదా నమ్మింది, ఆ శిక్ష లేదన్న మాట ఆయన తరఫునుంచే రావాలి.

తర్వాత తిండి. అమెరికాలో డైటీషియన్‌గా, ఫ్యామిలీ థెరపిస్టుగా పనిచేసిన ఎలిన్ శాటర్ తల్లికీ బిడ్డకీ మధ్య పని పంచిన పద్ధతి ఒకటుంది, పిల్లల తిండి విషయంలో దీన్ని చాలామంది వాడతారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది తల్లి చూసుకుంటుంది. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది బిడ్డది. ఏడాది నిండేసరికి పుట్టినప్పటికి మూడింతలైన బరువు, రెండేళ్ళ తర్వాత ఏడాదికి రెండు కిలోలే పెరుగుతుంది, ఆకలీ దానికి తగ్గట్టే తగ్గుతుంది, అది జబ్బు కాదు. ఇదంతా ఆమెకి తెలుసు. "తెలుసు మేడమ్, కానీ నా చెయ్యి ఆగదు" అంది.

చెయ్యి ఆగడానికి దారి హన్నా కథలో దొరికింది. అది నేను అనుకున్నదీ కాదు, అమ్మగారు అనుకున్నంత వరకే ఆగిందీ కాదు. బిడ్డల్లేక ఏడ్చి ఏడ్చి సమూయేలుని కన్న తల్లి హన్నా, పాలు మాన్పించాక వాణ్ణి షిలోహు మందిరంలో యాజకుడైన ఏలీకి అప్పగించి వచ్చేస్తుంది. అప్పగించడమంటే అదీ అని చెప్పడానికి అమ్మగారు ఆ అధ్యాయం ఇచ్చారు. ఈమె ఇంటికెళ్ళి తర్వాతి అధ్యాయం కూడా చదివింది. అప్పగించేసిన ఆ కొడుక్కి హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేది. ఈమెకి కుట్టుపని వచ్చు, పాప లంగాలూ జాకెట్లూ తనే కుడుతుంది. నా దగ్గరికొచ్చి, "ఏడాదికోసారి చూసే పిల్లాడికి కొలతలెక్కడివి మేడమ్? అంచనా మీదే కుట్టుంటుంది. ఒకేడు పొడుగై ఉంటుంది, ఒకేడు బిగుతై ఉంటుంది. వాడు అదే వేసుకుని తిరిగాడు కదా" అంది.

నేను కాసేపు ఏమీ అనలేదు. ఆమే అందుకుని, తన వంతు అంగీ కుట్టడం అంది, పిల్లాడు ఎంత ఎదుగుతాడన్నది హన్నా చేతిలో లేదంది. శాటర్ పద్ధతిని ఒక లెక్కల టీచరు తన బైబిల్లోంచి తనే మళ్ళీ రాబట్టుకున్నట్టయింది. ఆ రోజునుంచి మా మాటల్లో "ఇది అంగీ పనా, ఎదుగుదల పనా?" అన్న ప్రశ్న వాడుకైపోయింది. పప్పులో నెయ్యి వేసి పన్నెండున్నరకి కంచం పెట్టడం అంగీ పని. ఎన్ని ముద్దలన్నది ఎదుగుదల పని, అది ఆమెది కాదు.

ఆ మాట దొరికాక మిగతాది కష్టమే కానీ దారి తెలిసిన కష్టం. ఒక్కసారిగా ఏదీ ఆపలేదు. ముందు నోట్‌బుక్‌లో "ఎన్ని ఉమ్మింది" గడి తీసేశాం, తర్వాత ముద్దల గడి, చివరికి నోట్‌బుక్కే. కాటా అమ్మగారింటికి వెళ్ళింది, బరువు మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరే. తిండి టైము అరగంట, ఫోన్ లేదు, పాప తన చేత్తో తినాలి, ఆమె పక్కన కూర్చుని తన కంచంలో తను తినాలి. మొదటి రోజు వీడియో తీసి తెచ్చింది. పాప పెరుగన్నం ముట్టుకుని, వేళ్ళు నాక్కుని, రెండు మెతుకులు బల్లకి పూసి లేచిపోయింది. వీడియోలో తల్లి కుడిచెయ్యి ముద్ద కలిపి సగం దాకా లేచి, మళ్ళీ తన కంచంలోకి దిగడం కనిపిస్తుంది. ముఖం చెమటలు పట్టి ఉంది. నాలుగింటికి పాప వచ్చి "అమ్మా ఆకలి" అంది. ఆ మాట పాప నోట మూడేళ్ళలో తను వినలేదంది. వినే సందే రాలేదు, ఆకలి వేసేలోపే ముద్ద నోట్లో ఉండేది.

ప్రార్థనని కూడా ఇదే పద్ధతిలో మార్చాం, ఇక్కడ అమ్మగారు లేకపోతే నేను అడుగు వేసేదాన్ని కాదు. తినేముందు ఒక్కసారి, అదీ పాపే ముద్దు ముద్దుగా చెబుతుంది. రాత్రి ఒక్కసారి. ధ్యాస తప్పినా మళ్ళీ మొదటినుంచి చెయ్యకూడదు. "మొదటిసారి చెప్పినప్పుడే ఆయన విన్నాడమ్మా, చెవుడు లేదు ఆయనకి" అన్నారట అమ్మగారు. థెరపీ భాషలో దీన్ని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటాం, అంటే భయం వేసినా ఆ పని మళ్ళీ చెయ్యకుండా ఆ భయంతోనే కాసేపు ఉండటం. ఫ్రిజ్ మీద "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అన్న వాక్యం స్టిక్కర్ ఏళ్ళుగా ఉందట. "వేస్తాను మేడమ్, సాయంత్రానికి నేనే మళ్ళీ తెచ్చేసుకుంటాను" అని మొదట్లో అనేది. తెచ్చేసుకున్నా ఫరవాలేదు, మర్నాడు మళ్ళీ వేద్దాం అనుకున్నాం. అలా కాకపోతే అప్పగించడం కూడా ఎర్ర పెన్నుతో మార్కులేసుకునే పరీక్ష అయిపోతుంది.

ఇంట్లోవాళ్ళని పిలవకుండా ఇలాంటి కేసు నడపకూడదు. పాల్ హ్యూవిట్, గోర్డన్ ఫ్లెట్ అనే సైకాలజిస్టులు 1991లో పర్ఫెక్షనిజంలో, అంటే ఏ లోపమూ ఉండకూడదన్న పట్టులో, మూడు రకాలు చెప్పారు, తన మీద తను పెట్టుకునేది, ఎదుటివాళ్ళ మీద పెట్టేది, లోకం తన నుంచి ఆశిస్తోందని నమ్మేది. మన ఇళ్ళల్లో తల్లుల విషయంలో ఆ మూడోది ఒట్టి నమ్మకం కూడా కాదు, నిజంగానే ఆశిస్తారు. "పిల్ల చిక్కిపోయింది, పెట్టట్లేదా?" అని వచ్చిన ప్రతివాళ్ళూ తల్లినే అడుగుతారు, తండ్రిని అడిగినవాళ్ళని నేను చూడలేదు. భర్తనీ అత్తయ్యనీ కూర్చోబెట్టి, పాప ఒంటి గురించి ఆమె ముందు ఎవరూ మాట్లాడకూడదనీ, వచ్చినవాళ్ళు మాట్లాడితే అత్తయ్యే జవాబు చెప్పాలనీ అనుకున్నాం. ఊళ్ళో ఉన్న రోజుల్లో స్నానం, రాత్రి అన్నం భర్తవి. ఆయన చేస్తున్నప్పుడు ఈమె మేడ మీదకి వెళ్ళాలి. అత్తయ్యకి జడ ఇచ్చారు. వంకర పాపిడితో పాప స్కూలు ప్లేగ్రూపుకి వెళ్ళింది, అది చూసి ఎవరూ ఏమీ అనలేదు. అత్తయ్య మాత్రం నాతో, "మూడేళ్ళయింది మేడమ్ ఆ పిల్ల తల నిమిరి" అన్నారు.

కొట్టిన సంగతిని మేం దాటవేయలేదు. పాపకి సారీ చెప్పమన్నాను, మూడేళ్ళ పిల్లకి ఏం అర్థమవుతుందని అత్తయ్య అన్నారు. తల్లీబిడ్డల మధ్య పొంతన గురించి అమెరికన్ సైకాలజిస్టు ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, బాగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ముఖాముఖి ఆడుకుంటున్నప్పుడు ఒకరికొకరు సరిగ్గా కుదిరేది మూడోవంతు సేపే, మిగతాదంతా తప్పడం, మళ్ళీ కలుసుకోవడం. బిడ్డ నేర్చుకునేది ఆ కలుసుకోవడంలోనే. ఆమె సారీ చెప్పింది, పాప విని తన బొమ్మకి అన్నం పెట్టుకుంటూ "నువ్వు తినకపోతే నేను కొట్టను" అని ఆ బొమ్మతో చెప్పింది.

వెనక్కి వెళ్ళిన రోజులు

మూడో నెలలో పాపకి వైరల్ జ్వరం వచ్చింది, కొత్త నోట్‌బుక్ వచ్చేసింది. భర్త భయపడి ఫోన్ చేశారు, మళ్ళీ మొదటికొచ్చిందని. జ్వరమప్పుడు రాసుకోవడం మంచిదే అన్నాను. పారాసెటమాల్ బరువుని బట్టి ఇస్తారు, ఎన్నింటికి వేశారో, ఎంత టెంపరేచర్ ఉందో, ఎన్నిసార్లు మూత్రం పోసిందో రాసి ఉంటే డాక్టరుకీ సాయమే. అది అంగీ పనే. జ్వరం తగ్గిన మర్నాటినుంచి రాయకూడదు, అంతే ఒప్పందం. జ్వరం తగ్గాక కూడా కొన్ని రోజులు రాసింది, ఆ కాగితాలు తనే చింపి నా దగ్గరికి తెచ్చింది. రాత్రి ఊపిరి చూడటం మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా తగ్గింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఐదో నెల చివరికి జీఏడీ-7 స్కోరు 6కి వచ్చింది. హిమోగ్లోబిన్ 11.8. పాప బరువు 13.4 కిలోలు, అయితే ఆ అంకె డాక్టరు దగ్గర చూసి బయటికి వచ్చాక మర్చిపోయానని, ఇంటికెళ్ళాక భర్త అడిగితే గుర్తు రాలేదని చెప్పింది. నాకు ఆ బరువు కంటే ఆ మరుపే ఎక్కువ సంతోషం కలిగించింది.

మందు, ఐరన్ మాత్రలు, నిద్ర, భర్త పంచుకున్న పని, థెరపీ, వీటిలో దేని వల్ల ఎంత తగ్గిందో ఒక్క కేసులో విడదీసి చెప్పడం కుదరదు. కానీ మిగతావన్నీ ఆమె ఒప్పుకుని చేసేలా చేసింది ఆమె విశ్వాసమే అని నా అభిప్రాయం. ఇంకో తల్లి అయితే ఇంకో కథ పట్టుకుంటుంది. ఎంత తాడు తెచ్చినా రెండంగుళాలు తగ్గి, చివరికి చెమటలు పట్టిన తల్లిని చూసి కృష్ణుడే కట్టుబడిపోయిన యశోద కథతో దారి దొరకబుచ్చుకున్న అమ్మ ఒకావిడ నాకు తెలుసు. ఏ కథన్నది తల్లి తనే తెచ్చుకోవాలి. దేవుడి మాటే ఎత్తని తల్లికి నేను ఇవేవీ చెప్పను. సంఘంలో పెద్దవాళ్ళే నింద వేసేవాళ్ళయితే వాళ్ళని థెరపీ దరిదాపుల్లోకి రానివ్వను. ఇక్కడ మంచి అమ్మగారు దొరికారు. స్త్రీల కూడికలో ఆవిడ ఎవరి పేరూ ఎత్తకుండా, గర్భం పోవడం పాపానికి గుర్తు కాదని ఒక పూట మాట్లాడారట, ఆ తర్వాత ఆ సంఘంలోంచే ఇంకొందరు ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చారు.

రెండో బిడ్డ గురించి వాళ్ళు ఆలోచిస్తున్నారు. ఆ మూడు నెలల గండం తలుచుకుంటే ఆమెకి ఇప్పటినుంచే గుండె దడ, అది సహజం. గర్భం కోసం ప్రయత్నించే ముందే గైనకాలజిస్టునీ సైకియాట్రిస్టునీ కలవాలని, మాత్ర తనంతట తాను ఆపకూడదని రాసి ఇచ్చాను. ఆ మూడు నెలలూ వారం వారం నా దగ్గరికి వస్తుంది. పాప రాత్రి అన్నం, స్నానం పూర్తిగా తనవే అని భర్త చెప్పారు, ఊళ్ళు తిరగని డ్యూటీ కోసం ఆఫీసులో అర్జీ కూడా పెట్టుకున్నారు.